చెప్పే యంత్రం, ఆపే యంత్రం, నడిపే యంత్రం: పరికరాల్లో ‘ఈవెంట్ ప్రాసెసింగ్’ ఎలా పనిచేస్తుంది?

కారు దేన్నైనా బలంగా ఢీకొన్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాలా, వద్దా అనేది సెకనులో వెయ్యో వంతులతో లెక్కించే వ్యవధిలోనే తేలిపోవాలి. మనిషి కనురెప్ప వాల్చి ఎత్తేలోగా ఆ పని ముగుస్తుంది. ఇందుకోసం కారు ఎక్కడో ఉన్న సర్వర్‌ను సంప్రదించదు. డ్రైవర్ అనుమతీ కోరదు. వేగంలో వచ్చిన ఆకస్మిక మార్పును కొలిచే సెన్సర్, ఆ కొలతను పరీక్షించే చిన్న కంప్యూటర్ కారులోనే ఉంటాయి. గుంతలో పడిన కుదుపునకు, ప్రమాదంలో తగిలిన దెబ్బకు మధ్య తేడాను గుర్తించేది అవే.

చుట్టూ జరిగే మార్పులను పరికరం తనంతట తానుగా కొలిచి, వాటిలో ముఖ్యమైనదాన్ని వేరుచేసి, అక్కడికక్కడే స్పందించే విధానాన్ని ‘ఎంబెడెడ్ ఈవెంట్ ప్రాసెసింగ్’ అంటారు. సముద్రగర్భంలోని సునామీ సెన్సర్, రైలింజన్‌లోని ‘కవచ్’, చంద్రుడిపై దిగిన విక్రమ్ ల్యాండర్ ఈ విధానంపైనే ఆధారపడ్డాయి. అయితే ఈ మూడింటికీ మనుషులు ఇచ్చిన అధికారం ఒకటి కాదు. మొదటిది విషయం చెబుతుంది. రెండోది ప్రమాదాన్ని ఆపుతుంది. మూడోది మొత్తం ప్రయాణాన్ని తానే నడుపుతుంది. అధికారం పెరిగేకొద్దీ, తప్పు జరిగితే చెల్లించాల్సిన మూల్యమూ పెరుగుతుంది.

ఘటన అంటే ఏమిటి?

సెన్సర్ ఇచ్చే ప్రతి అంకె ఘటన కాదు. గదిలో ఉష్ణోగ్రత 31 డిగ్రీలు ఉందనడం కొలత మాత్రమే. పది నిమిషాల్లో అది 31 నుంచి 60కి చేరితే ఘటన. కొలతల ప్రవాహంలోంచి అర్థమున్న మార్పును ఏరడమే ఈవెంట్ ప్రాసెసింగ్‌లోని అసలు పని.

ఇందుకు ప్రధానంగా నాలుగు పద్ధతులున్నాయి. కొలత ముందే నిర్ణయించిన హద్దు దాటడం మొదటిది. ఒకదాని తర్వాత ఒకటిగా కొన్ని మార్పులు నిర్దిష్ట వరుసలో రావడం రెండోది. వేర్వేరు సెన్సర్లు ఒకే సమయంలో ఒకే విషయాన్ని సూచించడం మూడోది. జరగాల్సింది జరగకపోవడం నాలుగోది. ప్రతి రెండు సెకన్లకూ రావాల్సిన సందేశం రాలేదంటే, ఆ మౌనాన్ని కూడా ఘటనగానే లెక్కించాలి.

చిన్నచిన్న ఘటనలను కలిపి, వాటి వెనుక ఉన్న పెద్ద పరిణామాన్ని పట్టుకునే విధానానికి ‘కాంప్లెక్స్ ఈవెంట్ ప్రాసెసింగ్’ అని పేరు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ లక్‌హామ్ ఈ రంగానికి బాటలు వేసినవారిలో ముఖ్యుడు. ఆయన రాసిన ‘ద పవర్ ఆఫ్ ఈవెంట్స్’ పుస్తకం 2002లో వెలువడింది. తొలినాళ్లలో ఇది ప్రధానంగా సంస్థల పెద్ద కంప్యూటర్లలో జరిగే పని. చిప్‌ల పరిమాణం, ధర, విద్యుత్ వినియోగం తగ్గడంతో ఇప్పుడు అదే పని అగ్గిపెట్టెలో పట్టేంత పరికరంలోనూ సాధ్యమవుతోంది.

పరికరంలోనే ఎందుకు?

కొలతలన్నీ కేంద్రానికి పంపి, అక్కడి నుంచి ఆదేశం తెప్పించుకోవచ్చు కదా అన్న సందేహం సహజం. దీనికి నాలుగు అడ్డంకులున్నాయి.

సమయం మొదటిది. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలు సెకనుకు 44 మీటర్లు ముందుకు సాగుతుంది. ఆదేశం కోసం ఎదురుచూసే ప్రతి సెకనూ అంత దూరం చేజారినట్లే. రెండోది విద్యుత్. బ్యాటరీపై నడిచే సెన్సర్‌కు లెక్క చేయడానికయ్యే ఖర్చు కంటే, ఆ లెక్కను రేడియో ద్వారా పంపడానికయ్యే ఖర్చు సాధారణంగా చాలా ఎక్కువ. మూడోది సమాచార మార్గం ఇరుకు కావడం. నాలుగోది సంబంధాలు తెగిపోవడం. తుపాను, భూకంపం వంటి విపత్తుల్లో అవసరం ఎక్కువయ్యే వేళకే నెట్‌వర్క్ కుప్పకూలవచ్చు.

స్మార్ట్‌ఫోన్‌లోని వాయిస్ అసిస్టెంట్ దీనికి నిత్యజీవితంలోని ఉదాహరణ. పిలుపు పదం కోసం తక్కువ విద్యుత్‌తో పనిచేసే భాగం ఒకటి ఫోన్‌లోనే వింటూ ఉంటుంది. ఆ పదం వినిపించాకే మిగతా వ్యవస్థ మేల్కొంటుంది.

చెప్పే యంత్రం: సముద్రగర్భ కాపలా

2004 డిసెంబర్ 26 ఉదయం, భారత కాలమానం ప్రకారం 6.28 గంటలకు సుమత్రా తీరంలో భారీ భూకంపం వచ్చింది. దాని వల్ల పుట్టిన సునామీ భారత ప్రధాన భూభాగాన్ని తాకడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అయినా తీర ప్రాంతాలకు హెచ్చరిక అందలేదు. హిందూ మహాసముద్రంలో అప్పటికి సునామీ హెచ్చరిక వ్యవస్థ అంటూ లేదు. వివిధ దేశాల్లో 2 లక్షల మందికి పైగా, భారత్‌లో 10 వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తమిళనాడు, అండమాన్ నికోబార్ దీవులతో పాటు ఆంధ్రప్రదేశ్ కోస్తా కూడా నష్టపోయింది.

ఆ అనుభవం తర్వాత హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం ‘ఇన్‌కాయిస్’లో 2007లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ఏర్పాటైంది. సముద్రం లేని నగరంలోని ఈ కేంద్రానికి సముద్రగర్భంలోని సెన్సర్లు కళ్లూ చెవులూ అయ్యాయి. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఇలాంటి పరికరాలను సముద్రంలో నెలకొల్పుతోంది.

నడిసముద్రంలో సునామీ భీకరంగా కనిపించదు. నాలుగు కిలోమీటర్ల లోతున్న చోట అది గంటకు సుమారు 700 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్తున్నా, నీటిమట్టంలో తేడా చాలాసార్లు కొన్ని సెంటీమీటర్లకు మించదు. మీద తేలే ఓడలోని వారికి అది తెలియను కూడా తెలియదు. అందుకే నీటి బరువును కొలిచే పీడన సెన్సర్‌ను సముద్రపు అడుగున ఉంచుతారు. గాలికి లేచే మామూలు అలల ప్రభావం అంత లోతుకు చేరదు. అంటే మొదటి వడపోత సముద్రమే చేసిపెడుతుంది.

రెండో వడపోత పరికరం చేస్తుంది. అమెరికా అభివృద్ధి చేసిన ‘డార్ట్’ వ్యవస్థలో సెన్సర్ ప్రతి 15 సెకన్లకు ఒకసారి పీడనాన్ని కొలుస్తుంది. రోజుకు 5,760 కొలతలు. వాటన్నింటినీ పంపితే బ్యాటరీ త్వరగా అయిపోతుంది. అందువల్ల గత మూడు గంటల కొలతల ఆధారంగా, ఆటుపోట్ల వల్ల ఈ క్షణంలో నీటిమట్టం ఎంత ఉండాలో పరికరం అంచనా వేసుకుంటుంది. వరుసగా రెండు కొలతల్లో అంచనాకు, వాస్తవానికి మధ్య 3 సెంటీమీటర్ల తేడా వస్తే ‘ఘటన’ జరిగినట్లు భావిస్తుంది. అంతవరకూ అప్పుడప్పుడు సంక్షిప్త సమాచారం పంపిన సెన్సర్, ఆ క్షణం నుంచి వెంటవెంటనే వివరంగా పంపడం మొదలుపెడుతుంది. రేడియో తరంగాలు సముద్రపు నీటిలో దూరం పోలేవు కాబట్టి సమాచారం శబ్ద తరంగాల రూపంలో పైన తేలే బోయాకు, అక్కడి నుంచి ఉపగ్రహానికి, ఆపై కేంద్రానికి చేరుతుంది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఈ సెన్సర్ ‘సునామీ వస్తోంది’ అని ప్రకటించదు. ‘ఉండాల్సినట్లు లేదు’ అని మాత్రమే చెబుతుంది. భూకంప తరంగాలు సముద్రపు అడుగును కుదిపినా అది మేల్కొంటుంది. భూకంప కేంద్రం, తీవ్రత, ఇతర సెన్సర్ల సమాచారం కలిపి చూసి హెచ్చరిక ఇవ్వాలో లేదో తేల్చేది కేంద్రంలోని శాస్త్రవేత్తలు. పొరపాటున మేల్కొన్నా నష్టం కొంత బ్యాటరీయే. అందుకే హద్దును 3 సెంటీమీటర్లంత తక్కువగా పెట్టగలిగారు.

ఆపే యంత్రం: కవచ్

ఎర్ర సిగ్నల్‌ను గమనించకుండా లోకో పైలట్ రైలును ముందుకు నడిపితే, అతనికి చెప్పి ఊరుకుంటే చాలదు. రైలును ఆపాలి. భారతీయ రైల్వేల పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌వో, దేశీయ పరిశ్రమలు కలిసి అభివృద్ధి చేసిన ‘కవచ్’ ఆ పని కోసమే రూపొందింది. ప్రయాణికుల రైళ్లపై దీని తొలి క్షేత్ర పరీక్షలు 2016 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. 2020 జులైలో దీన్ని జాతీయ స్వయంచాలిత రైలు రక్షణ వ్యవస్థగా స్వీకరించారు. తొలి దశలో సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలో 1,465 రూట్ కిలోమీటర్ల మేర ఇది ఏర్పాటైంది.

కవచ్‌లో మూడు అంచెలున్నాయి. పట్టాల మధ్య బిగించిన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగుల మీదుగా ఇంజన్ వెళ్లినప్పుడు, దాని అడుగున ఉన్న రీడర్ వాటిని చదివి తానెక్కడున్నదీ తెలుసుకుంటుంది. రెండు ట్యాగుల మధ్య దూరాన్ని చక్రాల భ్రమణంతో లెక్కిస్తుంది. స్టేషన్‌లోని పరికరం సిగ్నళ్ల స్థితిని తెలుసుకుని, రైలు ఎంత దూరం వెళ్లవచ్చో రేడియో ద్వారా ఇంజన్‌కు చెబుతుంది. ఇంజన్‌లోని కంప్యూటర్ ఆ దూరాన్ని, ప్రస్తుత వేగాన్ని నిరంతరం పోల్చి చూస్తుంది. ఇప్పుడు బ్రేకు వేయకపోతే హద్దులోపు ఆగడం కుదరదనే స్థితి వస్తే ముందు హెచ్చరించి, లోకో పైలట్ స్పందించకపోతే తానే బ్రేకులు వేస్తుంది.

2022 మార్చి 4న సికింద్రాబాద్ డివిజన్‌లోని గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య దీన్ని బహిరంగంగా పరీక్షించారు. ఒకే పట్టాలపై రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపారు. ఒకదానిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఉన్నారు. రెండో ఇంజన్‌కు 380 మీటర్ల దూరంలో కవచ్ దానంతట అదే ఇంజన్‌ను ఆపింది.

రైలుకు ఒక సౌలభ్యం ఉంది. అనుమానం వస్తే ఆగిపోవడమే దాదాపు ఎల్లవేళలా క్షేమం. సమాచారం అందకపోయినా, లెక్కలు సరిపోలకపోయినా ఆగే వైపు మొగ్గడం రైల్వే భద్రతలో పాత సూత్రం. కవచ్‌కు రైల్వే భద్రతా ప్రమాణాల్లో అత్యున్నతమైన ‘సిల్-4’ ధ్రువీకరణ ఉంది.

అయినా ఈ యంత్రం నమ్మకానికి హద్దులున్నాయి. అది సిగ్నల్ వ్యవస్థ చెప్పిందే నమ్ముతుంది. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగ బజార్ వద్ద 290 మందికి పైగా మరణించిన ప్రమాదానికి సిగ్నల్ సర్క్యూట్ మార్పుల్లో జరిగిన లోపమే కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. మెయిన్ లైన్‌లో వెళ్లేందుకు ఆకుపచ్చ సిగ్నల్ ఉండగా, కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్‌లోకి మళ్లి గూడ్సు రైలును ఢీకొంది. ఆ మార్గంలో కవచ్ లేదు. అయితే ఈ ప్రమాదానికి, కవచ్‌కు సంబంధం లేదని రైల్వే మంత్రి అప్పట్లో స్పష్టం చేశారు. అదే ఏడాది అక్టోబర్ 29న విజయనగరం జిల్లాలో కంటకాపల్లి, అలమండ మధ్య ఒక ప్యాసింజర్ రైలు ముందున్న ప్యాసింజర్ రైలును వెనుక నుంచి ఢీకొంది. అక్కడా కవచ్ లేదు. ముందున్న రైలును వెనుక నుంచి ఢీకొనకుండా ఆపడం కవచ్ ఉద్దేశాల్లో ఒకటి. పరికరం ఏ ఘటనను గుర్తించగలదు, దేన్ని గుర్తించలేదు అన్న తేడా ఈ రెండు ప్రమాదాల్లో కనిపిస్తుంది.

నడిపే యంత్రం: విక్రమ్

చంద్రుడి వద్ద ఆగే సౌలభ్యం లేదు. భూమి నుంచి అక్కడికి రేడియో సంకేతం చేరడానికి సుమారు 1.3 సెకన్లు, వెళ్లి రావడానికి 2.6 సెకన్లు పడుతుంది. సెకనుకు 1.68 కిలోమీటర్ల వేగంతో దిగడం మొదలుపెట్టే ల్యాండర్‌ను ఇక్కడి నుంచి నడపడం అసాధ్యం. ఒకసారి ఇంజన్లు మండాక వెనుదిరిగే దారీ ఉండదు.

2019 సెప్టెంబర్ 7న చంద్రయాన్-2 ల్యాండర్ ఆఖరి ఘట్టంలో విఫలమైంది. మొదటి దశలో వేగం సెకనుకు 1,683 మీటర్ల నుంచి 146 మీటర్లకు సవ్యంగానే తగ్గిందని, రెండో దశలో వేగం తగ్గుదల అనుకున్నదానికంటే ఎక్కువగా ఉందని, ఆ వ్యత్యాసంతో ల్యాండర్ నేలను బలంగా తాకిందని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. ఇంజన్ల ఒత్తిడి అంచనాను మించడంతో తేడాలు పోగుపడ్డాయని, వాటిని సరిదిద్దుకునేందుకు ల్యాండర్ తిరగాల్సిన వేగానికి సాఫ్ట్‌వేర్‌లోని పరిమితులు అడ్డొచ్చాయని, దిగాల్సిన స్థలం 500 మీటర్ల చదరానికే పరిమితం కావడం కూడా ఇబ్బంది పెట్టిందని అప్పటి ఇస్రో ఛైర్మన్ ఎస్.సోమనాథ్ 2023లో వివరించారు.

అంటే యంత్రం ఘటనను గుర్తించింది. దాన్ని సరిదిద్దుకోవడానికి చాలినంత వెసులుబాటు దానికి లేదు. చంద్రయాన్-3లో ఇస్రో ఆ వెసులుబాటునే పెంచింది. దిగే స్థలాన్ని కిలోమీటర్లలోకి విస్తరించింది. ఇంధనం పెంచి, కాళ్లను దృఢం చేసింది. నేలతో పోలిస్తే ల్యాండర్ వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ డాప్లర్ సెన్సర్‌ను అదనంగా అమర్చింది. అన్నీ సవ్యంగా సాగితే ఎలా దిగాలన్నదాని కంటే, ఏవి విఫలమైనా ఎలా దిగాలన్న కోణంలో రూపకల్పన చేసింది. శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయలుదేరిన ఆ నౌక, ఆగస్టు 23 సాయంత్రం చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువలో దిగింది. చివరి ఇరవై నిమిషాల్లో శాస్త్రవేత్తలు చేయగలిగింది తెరలపై చూస్తూ ఉండటమే.

దిగిన తర్వాత మాత్రం అంత తొందర లేదు. ఆగస్టు 27న ప్రజ్ఞాన్ రోవర్‌కు మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వ్యాసమున్న గొయ్యి ఎదురైంది. వచ్చిన దారినే వెనక్కి మళ్లాలని భూమి నుంచి ఆదేశించారు. వ్యవధి ఉన్నచోట నిర్ణయాన్ని మనుషులే తమ చేతిలో ఉంచుకున్నారు.

ఒక్క సెన్సర్‌ను నమ్మితే

యంత్రానికి అధికారం ఇచ్చి, దానికి తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఏమవుతుందో బోయింగ్ 737 మ్యాక్స్ విమానాల ఉదంతం చూపింది. గాలికి, విమానానికి మధ్య కోణం ప్రమాదకరంగా పెరిగిందని తోస్తే ముక్కును కిందికి వంచే ‘ఎంక్యాస్’ అనే వ్యవస్థ వాటిలో ఉండేది. విమానంపై అలాంటి కోణాన్ని కొలిచే సెన్సర్లు రెండున్నా, ఆ వ్యవస్థ ఒక్కదాని మాటే వినేది. 2018 అక్టోబర్ 29న ఇండోనేసియాలో, 2019 మార్చి 10న ఇథియోపియాలో ఆ ఒక్క సెన్సర్ నుంచి తప్పుడు కొలత వచ్చింది. ముక్కు పదేపదే కిందికి వంగింది. రెండు ప్రమాదాల్లో 346 మంది మరణించారు. తర్వాత చేసిన మార్పుల్లో రెండు సెన్సర్లను పోల్చి చూడటం, ఒక ఘటనకు ఒక్కసారి మాత్రమే స్పందించడం, పైలట్ తన బలంతో సరిదిద్దగలిగే మేరకే పరిమితం కావడం ముఖ్యమైనవి.

తప్పుడు హెచ్చరిక, తప్పిన హెచ్చరిక

హద్దును తక్కువగా పెడితే అవసరం లేనప్పుడూ గంట మోగుతుంది. ఎక్కువగా పెడితే అవసరమైనప్పుడు మోగదు. రెండింటినీ ఒకేసారి పూర్తిగా తప్పించగల సెన్సర్ లేదు. 2012 ఏప్రిల్ 11న సుమత్రా సమీపంలో 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు పలు దేశాలు సునామీ హెచ్చరికలు జారీ చేశాయి. భూఫలకాలు ప్రధానంగా పక్కకు జరగడంతో నీరు పెద్దగా లేవలేదు, హెచ్చరికలను ఉపసంహరించారు. ఆనాడు తీరం వదిలి పరుగెత్తిన జనానికి శ్రమ మిగిలింది. 2004లో ఆ శ్రమకు అవకాశమే దొరకలేదు. అయితే పదేపదే వృథాగా మోగే గంటను జనం నమ్మడం మానేస్తారన్నదీ అంతే నిజం.

అనుసంధానిత పరికరాలకు మరో రెండు చిక్కులున్నాయి. గడియారాలు సరిపోలకపోతే ముందు జరిగింది తర్వాత జరిగినట్లు కనిపించి, ఘటనల వరుసే తారుమారవుతుంది. ఇక భద్రత రెండోది. 2016లో ‘మిరాయ్’ అనే హానికర సాఫ్ట్‌వేర్, మార్చని పాస్‌వర్డ్‌లతో ఉన్న కెమెరాల వంటి పరికరాలను పెద్ద సంఖ్యలో వశం చేసుకుని ఇంటర్నెట్ సేవలను స్తంభింపజేసింది. పరాయి చేతుల్లోకి వెళ్లిన సెన్సర్ లేని ఘటనను సృష్టించగలదు, ఉన్నదాన్ని దాచగలదు.

కర్మాగారంలో రోబో అయినా, ఇంట్లో గ్యాస్ లీకును పసిగట్టే పరికరమైనా పరీక్షించాల్సిన అంశాలు మూడు. దేన్ని ఘటనగా లెక్కిస్తోంది? దాన్ని చూసి ఏ మేరకు చర్య తీసుకోగలదు? సెన్సర్ పొరపడితే ఏ వైపు ఒరుగుతుంది? సముద్రగర్భ సెన్సర్ మేల్కొంటే మరిన్ని కొలతలు పంపుతుంది, కవచ్ అనుమానిస్తే రైలు ఆగుతుంది, విక్రమ్‌కు మాత్రం సరిగ్గా దిగడం తప్ప మరో దారి లేదు. ఈ మూడు ప్రశ్నలకు జవాబులు యంత్రం కనిపెట్టినవి కావు. ఘటన జరగడానికి ఏళ్ల ముందే ఇంజనీర్లు బల్ల దగ్గర కూర్చుని రాసిపెట్టినవి. యంత్రం క్షణంలో తీసుకున్నట్లు కనిపించే నిర్ణయానికి బాధ్యులు కూడా వారే, వారికి ఆ పని అప్పగించిన వ్యవస్థలే.